అమ్మను కాసేపు బయట కూర్చోమనండి

గ్యాస్ట్రో డాక్టరు గదిలో అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నావు, రక్తం పడుతోందా, జిగురు పడుతోందా, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తోందా, బరువు తగ్గావా, బయటి తిండి ఏమైనా తిన్నావా. పన్నెండేళ్ళుగా ఇవే. వీటిలో సగానికి జవాబు నేను చెప్పను, పక్కనున్న అమ్మ చెబుతుంది. "కారం పూర్తిగా మానేసిందండీ, పెరుగన్నమే తింటోంది, అయినా ఆరేడుసార్లు వెళ్తోంది" అని. డాక్టరుగారు అమ్మ వైపు చూస్తూనే రాసుకుంటారు. నాకిప్పుడు 37 ఏళ్ళు. ఆఫీసులో జీఎస్టీ లెక్కలన్నీ నేనే చూస్తాను, ఇంటి లోను నా పేరు మీదే ఉంది. ఆ గదిలోకి వెళ్ళేసరికి మాత్రం అమ్మ వేలు పట్టుకుని వచ్చిన చిన్నపిల్లనైపోతాను.

ఈ పన్నెండేళ్ళలో ముగ్గురు డాక్టర్లు మారారు. పేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ ఆరుసార్లు చేయించుకున్నాను. స్టెరాయిడ్లు వాడినన్నాళ్ళూ ముఖం ఉబ్బిపోయి, నిద్ర పట్టక, ఊరికే ఏడుపొచ్చేది. నా పేగు లోపల ఎక్కడెక్కడ ఎర్రబడిందో రంగు ఫొటోలతో సహా ఫైల్లో ఉంది. చిన్నప్పుడు మీ ఇంట్లో ఎలా ఉండేదమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు. పోయిన నెల ఒక జూనియర్ డాక్టర్ అడిగింది. ఆ అయిదు నిమిషాల గురించి ఆలోచిస్తూనే ఇదంతా రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఏళ్ళ తరబడి పేగు జబ్బుతో వచ్చే మనిషిని ఒక్కసారైనా, ఇంటివాళ్ళెవరూ పక్కన లేకుండా కూర్చోబెట్టి, మనసు గురించీ చిన్నతనం గురించీ అడగాలి. జబ్బుకు కారణం దొరుకుతుందని కాదు. ఆ మనిషి ఎంత బరువు మోస్తూ ఈ మందులు మింగుతోందో వైద్యం చేసేవాళ్ళకు తెలియాలి.

నా జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. పేపర్లలో పెద్దపేగు పూత అని రాస్తారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పెద్దపేగు లోపలి పొర మీదకే తిరగబడుతుంది. పుండ్లు పడతాయి, రక్తం పోతుంది, కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతుంది. దీనికి తోబుట్టువు లాంటిది క్రోన్స్ జబ్బు. అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. మన దేశంలో క్రోన్స్‌నీ పేగు టీబీనీ విడదీసి గుర్తుపట్టడమే డాక్టర్లకు పెద్ద పరీక్ష. అందుకే ముందు నెలల తరబడి టీబీ మందులు మింగి, తగ్గక మళ్ళీ వచ్చినవాళ్ళు ఓపీ బెంచీ మీద నా పక్కన చాలామందే కూర్చున్నారు. నా జబ్బునీ క్రోన్స్‌నీ కలిపి ఐబీడీ అంటారు. ఐబీఎస్ ఇంకొకటి. అందులో పేగు మీద పుండు ఉండదు, పరీక్షల్లో ఏమీ తేలదు, నొప్పి మాత్రం నిజం. మన చుట్టాలకు ఈ తేడాలేవీ పట్టవు. "గ్యాస్ ట్రబులే కదమ్మా, వాము నీళ్ళు తాగు" అంటారు. నాకు మొదట రక్తం పడ్డప్పుడు మా వీధి చివరి డాక్టరు మొలలన్నాడు. ఆ లేపనంతో అయిదు నెలలు పోయాయి.

ఇక మా ఇంటి సంగతి.

మేం హైదరాబాద్‌లోని నాచారంలో ఉండేవాళ్ళం. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ 1996లో లాకౌటయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి అయిదు. నాన్న రోజూ గేటు దగ్గర టెంటు కింద కూర్చుని, చీకటిపడ్డాక ఎక్కడెక్కడో తిరిగి ఎనిమిదింటికి ఇంటికొచ్చేవాడు. గోడ అవతల స్కూటరు స్టాండు వేసిన చప్పుడు వినబడేది. ఆ చప్పుడు రెండు రకాలు. మెల్లగా కాలితో నొక్కి వేస్తే ఆ పూటకు బతికిపోయినట్టు. ఒక్క తాపుతో వేస్తే, ఆ ఇనుము నేలకు తగిలిన మోతలోనే మాకు అంతా తెలిసిపోయేది. తమ్ముడు నా వైపు చూసేవాడు. అమ్మ ఏడున్నరకే మా ఇద్దరికీ కంచాలు పెట్టేసి "గబగబా తినేయండి, నాన్నొచ్చే వేళయింది" అనేది. మేం నమిలేవాళ్ళం కాదు. ముద్దలు చేసి, నీళ్ళతో దింపేసేవాళ్ళం.

అమ్మ పెళ్ళి సామాన్లలో ఒక పెద్ద స్టీలు పళ్ళెం ఉండేది. అంచు మీద చుక్కచుక్కలుగా అమ్మ పేరు చెక్కి ఉంటుంది, వెనకటి సామాన్ల మీద అందరిళ్ళలోనూ ఉన్నట్టే. ఒకరోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని నాన్న దాన్ని అన్నంతో సహా గోడకేసి కొట్టాడు. పళ్ళెం గిరగిరా తిరుగుతూ తలుపు దాకా వచ్చి, తిరిగి తిరిగి చప్పుడు సన్నబడి ఆగింది. అంచు ఒకచోట లోపలికి వంగిపోయింది, సరిగ్గా అమ్మ పేరులోని చివరి అక్షరం దగ్గర. గోడ మీద పసుపు మరక ఆ ఏడు సున్నం వేయించేదాకా పోలేదు. నాన్న నన్నూ తమ్ముణ్ణీ ఎప్పుడూ కొట్టలేదు. అమ్మను కొట్టాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మాకు హోటలు నుంచి ఇడ్లీ పొట్లం కట్టించుకొచ్చేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన్ను తిట్టడానికి రాయడం లేదు. జీతం ఆగిపోయిన మనిషి లోపల ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు నాకు కొంత తెలుసు. అయినా ఆ వయసులో నా ఒంటికి తెలిసింది స్టాండు చప్పుడు ఒక్కటే.

ఆ రోజుల్లోనే నాకు పొద్దున బడికి బయల్దేరే ముందు కడుపులో మెలిపెట్టేది. రెండుమూడుసార్లు వెళ్ళాల్సి వచ్చేది. నులిపురుగులన్నారు, మాత్రలు వేశారు. మళ్ళీ ఆర్నెల్లకు మళ్ళీ మాత్రలు. పెద్దయ్యాక ఆఫీసు క్యాంటీన్లో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒకరోజు "అక్కా, మీరు నాలుగు నిమిషాల్లో తినేశారు" అంది. అప్పటిదాకా నేనెప్పుడూ గమనించుకోలేదు. ఇరవయ్యేళ్ళు గడిచినా నేనింకా ఆ స్కూటరు కంటే ముందే తినేయాలని చూస్తున్నాను.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు "ఓహో, అందుకే ఈ జబ్బు వచ్చిందన్నమాట" అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. నా తమ్ముడు అదే ఇంట్లో అదే చప్పుడు వింటూ పెరిగాడు, వాడి పేగులు బంగారంలా ఉన్నాయి. చిన్నప్పుడు ఏ కష్టమూ లేకుండా అల్లారుముద్దుగా పెరిగి క్రోన్స్ వచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఈ జబ్బుల వెనక జన్యువులున్నాయి, పేగులోని సూక్ష్మజీవులున్నాయి, మారిన తిండి ఉంది, ఇంకా తేలని సంగతులెన్నో ఉన్నాయి. ఇంతమంది సాక్షులుండగా ఒక్క నాన్న మీద తీర్పు రాయడం తప్పు.

ఈ తప్పును వైద్యరంగం ఇదివరకే చేసింది. 1950 ప్రాంతాల్లో షికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక వైద్యుడు ఏడు జబ్బులను మనసు తెచ్చిపెట్టే జబ్బుల కింద జమకట్టాడు. కడుపులో అల్సరూ నా అల్సరేటివ్ కొలైటిస్సూ రెండూ ఆ ఏడింటిలో ఉన్నాయి. పేగు పూత ఉన్నవాళ్ళ స్వభావంలోనే ఏదో లోపం ఉందన్నారు, తల్లుల పెంపకాన్ని తప్పుబట్టారు. తర్వాత 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపు అల్సర్ల దగ్గర హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. లోకం నమ్మకపోతే మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి చూశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. "టెన్షన్ వల్ల అల్సరొచ్చింది" అని తిట్లు తిన్న ఎంతమందికో చివరికి యాంటీబయాటిక్ కోర్సుతో తగ్గిపోయింది.

అందుకే మనసు మాటెత్తితే పేగు జబ్బున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. ఆ భయం న్యాయమైనదే. రక్తం పోతుంటే "నీదంతా మనసులోనే ఉంది" అని వినడం ఎంత నరకమో నాకు తెలుసు. కానీ ఆ తప్పు నుంచి పారిపోతూ వైద్యం రెండో చివరికి చేరింది. ఇప్పుడు పేగు ఒక డిపార్ట్‌మెంటు, మనసు ఇంకొక డిపార్ట్‌మెంటు. ఒకదాని ఫైలు ఇంకొకదానికి చేరదు.

మన ఒంట్లో మాత్రం అలాంటి గోడ లేదు. పేగు గోడలో కోట్ల నాడీకణాలున్నాయి, దానికంటూ ఒక నాడీవ్యవస్థే ఉంది. సెరటోనిన్ అనే రసాయనం పేరు మనం డిప్రెషన్ మందుల గురించి మాట్లాడేటప్పుడు వింటాం. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం పైగా తయారయ్యేది పేగులోనే. మెదడుకూ పేగుకూ మధ్య నడిచే వేగస్ నాడిలో ఎక్కువ తంతులు పేగు నుంచి మెదడుకు కబురు మోసేవే. పుట్టిన ఎలుకపిల్లలను రోజూ కొన్ని గంటలు తల్లికి దూరం చేసి పెంచితే, పెద్దయ్యాక వాటి పేగులు చిన్న ఒత్తిడికే ఎక్కువ నొప్పి పడతాయనీ, పేగు గోడ లోపలి పొర బిగువు తగ్గుతుందనీ ప్రయోగశాలల్లో చూశారు. మనిషి ఎలుక కాదు, ఒప్పుకుంటాను. కానీ నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు యుద్ధ బాధలను పసితనంలో అనుభవించినవాళ్ళను పెద్దయ్యాక పరిశీలిస్తే వాళ్ళలో ఐబీఎస్ ఎక్కువగా కనబడిందని 2009లో అక్కడి పరిశోధకులు రాశారు. కెనడాలో 2015లో వచ్చిన ఇంకొక అధ్యయనంలో చిన్నప్పుడు దెబ్బలూ లైంగిక హింసా ఎదుర్కొన్నవాళ్ళలో అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా తేలింది, క్రోన్స్‌లో ఆ సంబంధం కనబడలేదు. ఒకే కుటుంబానికి చెందిన రెండు జబ్బుల్లో ఇలా రెండు రకాలుగా తేలిందంటే, తొందరపడి సూత్రాలు కట్టకూడదన్నమాట.

కారణం సంగతి పక్కన పెడదాం. జబ్బుతో పాటు మనసు ఎంత నలుగుతుందో ఆ లెక్కలో సందేహం లేదు. 30 వేల మందికి పైగా ఐబీడీ రోగుల వివరాలను కలిపి 2021లో లాన్సెట్ వాళ్ళ వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. దాదాపు మూడోవంతు మందిలో ఆందోళన లక్షణాలు, నాలుగోవంతు మందిలో డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయని తేలింది. జబ్బు తిరగబెట్టి ఉన్నవాళ్ళలోనైతే ఆందోళన సగం కంటే ఎక్కువమందిలో ఉంది. ఓపీ బెంచీ మీద నాతో పాటు నలుగురు కూర్చుంటే అందులో ఒకరు లోపల కుంగిపోయి ఉంటారు. వాళ్ళ చేతిలో ఉన్న కాగితం మీద మాత్రం మెసలమైన్ అనే పేగు మందు మోతాదు తప్ప ఇంకేమీ ఉండదు.

చిన్నతనపు దెబ్బలు ఇందులో ఎక్కడొస్తాయి? 1998లో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా తొమ్మిదిన్నర వేల మంది జవాబులతో ఒక అధ్యయనం అచ్చువేశారు. చిన్నప్పుడు ఎదురైన ఏడు రకాల కష్టాలను అందులో అడిగారు. తల్లిని కొడుతుంటే చూడడం వాటిలో ఒకటి. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నేను ల్యాప్‌టాప్ మూసేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. నన్నెవరూ కొట్టలేదు కాబట్టి నాకేమీ జరగలేదనుకుంటూ పెరిగాను నేను. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల కష్టాలు పడ్డవాళ్ళకు డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం లాంటి ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని ఆ అధ్యయనం చెప్పింది. అయితే ఎన్ని రకాల కష్టాలో లెక్కపెట్టి వేసే ఆ మార్కులు జనాభా మొత్తాన్ని చూడడానికే గానీ ఒక మనిషి జాతకం చెప్పడానికి పనికిరాదని ఆండానే 2020లో హెచ్చరించాడు. కాబట్టి మన ఆసుపత్రుల్లో ఒక ఫారం ఇచ్చి టిక్కులు పెట్టించి మార్కులు వేయమని నేను అడగడం లేదు. అలా చేస్తే ఇంకో ఘోరం అవుతుంది.

మన దగ్గర ఇది ఎంతమందికి వర్తిస్తుందంటే, 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి చూసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఆ పిల్లలకు ఇప్పుడు పాతికా ముప్ఫై ఏళ్ళు దాటాయి. ఈ నగరంలో వాళ్ళెంతమంది ఏ ఓపీలో కూర్చున్నారో.

అమెరికా ప్రశ్నావళిలో లేని కష్టాలు మనకు వేరే ఉన్నాయి. ఇంటర్‌కు నన్ను వేసిన హాస్టల్లో ఒక అంతస్తుకు నాలుగు బాత్రూములు. తెల్లవారుజామున నాలుగున్నరకు బకెట్లతో వరస. స్టడీ అవర్లో బయటికి వెళ్ళాలంటే వార్డెన్‌ను అడగాలి, రెండోసారి అడిగితే "ఏంటే, నాటకాలా" అని అందరిముందూ అనేది. వెళ్ళాల్సి వస్తుందేమోనని రాత్రిపూట నీళ్ళు తాగడం మానేశాం. నా పక్కమంచం అమ్మాయి అసలు పొద్దుటిపూట తినేదే కాదు. పదహారేళ్ళ పిల్లలు కడుపును కట్టేసుకుని చదివారు. ఆ రెండేళ్ళను మన ఇళ్ళల్లో ఎవరూ కష్టమని కూడా అనరు, క్రమశిక్షణ అంటారు. నా మాటకు రుజువుగా చూపడానికి నా దగ్గర అధ్యయనం లేదు, నా అనుభవమే ఉంది. కానీ ఇంటర్ హాస్టళ్ళ బాత్రూముల గురించి ఈ ఊళ్ళో పేగు డాక్టర్లు ఒక్కసారైనా మాట్లాడాలని నా కోరిక.

ఈ మాటలు హైదరాబాద్‌లోనే ఎందుకు మొదలవ్వాలి అంటారా? ఈ దేశంలో కడుపు జబ్బు వచ్చినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే ఊరు ఇది. నిమ్స్ ఉంది, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి, కడుపు జబ్బులకు పేరున్న ఏఐజీ ఆసుపత్రి ఉంది. ఏఐజీ పెట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చినప్పుడు ఓపీ బెంచీల మీద మేమంతా గర్వపడ్డాం. పేగు లోపలికి గొట్టం పంపి చూసే విద్యలో ప్రపంచానికి నేర్పే స్థాయి మనది. పేగు రోగిని మనసు గురించి అడిగే పని ఇక్కడ ఎవరూ మొదలుపెట్టకపోతే ఇంకెక్కడ మొదలవుతుంది?

ఇదే ఊళ్ళో మనసు జబ్బుకు ఉన్న పేరు ఎర్రగడ్డ. స్కూల్లో ఎవరినైనా ఏడిపించాలంటే "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అనేవాళ్ళం. అక్కడ దశాబ్దాలుగా మనుషులను నిలబెట్టి ఇళ్ళకు పంపుతున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, దాని చిరునామాను మనం తిట్టుగా మార్చుకున్నాం. అందుకే నాకు సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాలనిపించిన తర్వాత కూడా వెళ్ళడానికి మూడేళ్ళు పట్టింది. నేనే కాదు, 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో రకరకాల మానసిక సమస్యలున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. నాకు అప్పటిదాకా మనసుకు దొరికిన వైద్యమల్లా చీటీ ఇస్తూ నోటితో చెప్పే ఒక్క మాట: "టెన్షన్ పెట్టుకోకమ్మా." ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఏ షాపులో దొరుకుతుంది?

డాక్టర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఒక్క పూటలో అరవై డెబ్బై మందిని చూడాలి, ఎవరి చిన్నతనమని అడుగుతాం, అడిగాక ఆమె ఏడిస్తే ఏం చేస్తాం అంటారు. అది నిజమైన ఇబ్బంది. పుండు విప్పి, కట్టు కట్టేవాళ్ళు లేకుండా వదిలేయడం కంటే విప్పకపోవడమే మేలు. కానీ ఒక్కటి గమనించండి. పెద్ద గ్యాస్ట్రో విభాగాల్లో డాక్టరు గది పక్కనే డైటీషియన్ కుర్చీ ఉంటోంది. తిండి గురించి మాట్లాడే పని వేరే మనిషిది అని ఆసుపత్రులు ఒప్పుకుని ఆ కుర్చీ వేశాయి. ఆ పక్కనే ఇంకో కుర్చీ వేసి ఒక క్లినికల్ సైకాలజిస్టును కూర్చోబెట్టడం అంత కాని పనా? మానసిక జబ్బులకు కూడా ఒంటి జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఒక్కటి ఓపీ చీటీ వెనక అచ్చువేయడానికి ఎంత ఖర్చవుతుంది?

రెండో అభ్యంతరం, అడిగితే మాత్రం చెబుతారా అని. 1990లో నార్త్ కరోలినాలో డగ్లస్ డ్రాస్‌మన్, ఆయన తోటి డాక్టర్లు తమ గ్యాస్ట్రో క్లినిక్‌కు వచ్చిన 206 మంది ఆడవాళ్ళను ఈ సంగతి అడిగారు. 44 శాతం మంది చిన్నప్పుడో తర్వాతో లైంగికంగానో శారీరకంగానో హింస పడ్డామని చెప్పారు. వాళ్ళలో డాక్టరుకు అంతకుముందే చెప్పినవాళ్ళు 17 శాతం మందే. మూడోవంతు దాకా అసలు ఎవరికీ చెప్పుకోలేదు. అంటే అడిగితే చెప్పారు, అడగకపోతే మోశారు.

మనకు ఇంకో అడ్డు కూడా ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఇంటి గుట్టు బయట పెడితే మనకే సిగ్గు. నా జబ్బు కడుపులో, నా గుట్టూ కడుపులోనే. ఆ సామెత చెప్పి పెంచిన మనిషే ఓపీ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుని ఉంటే నేను నోరు విప్పుతానా? అమ్మ చెడ్డది కాదు. నా కోసం పన్నెండేళ్ళుగా కారం లేని కూరలు తనూ తింటోంది, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఎక్కించే రోజున మూడు గంటలూ మంచం పక్కనే కూర్చుంటుంది. ఆ గోడ మీద పప్పును తుడిచింది కూడా తనే. నేను నా కథ చెబితే అది తన కథ అయిపోతుంది. కొందరికి పక్కన కూర్చునేది భర్త, కొందరికి అత్తగారు, ఇంకొందరికి అసలు ఆ హింస చేసిన మనిషే. మన ఆసుపత్రుల్లో అటెండెంట్ లేనిదే పేషెంట్ లేదు. మందుల షాపుకు పరుగెత్తేదీ బిల్లు కట్టేదీ వాళ్ళే, అందుకే వాళ్ళు లోపలే ఉంటారు. ఎవరూ వాళ్ళను బయటికి వెళ్ళమనరు, రోగి అయితే అసలే అనలేదు. ఆ మాట తెల్లకోటు వేసుకున్నవాళ్ళే అనాలి.

తెలిస్తే ఏం ఒరుగుతుంది అంటారేమో. చాలా ఒరుగుతుంది. స్టెరాయిడ్లు మనసును కుదిపేస్తాయి, ఇదివరకే డిప్రెషన్‌తో ఉన్న మనిషికి ఇస్తున్నామని తెలిస్తే జాగ్రత్తగా గమనిస్తారు. కొలనోస్కోపీ చేసేటప్పుడు మోకాళ్ళు ముడిచి పక్కకు తిరిగి పడుకోవాలి, వెనక ఎవరో నిలబడి ఉంటారు, ఆసుపత్రి గౌను వెనక భాగం తెరిచి ఉంటుంది. చిన్నప్పుడు ఒంటి మీద చెయ్యి పడిన మనిషికి ఆ మంచం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ముందే తెలిస్తే ఏం చేయబోతున్నారో ఒక్కొక్కటీ చెప్పి చేయవచ్చు, పక్కన ఒక ఆడ నర్సును నిలబెట్టవచ్చు. పరీక్షకు రమ్మంటే రాకుండా తప్పించుకునేవాళ్ళలో కొందరు బద్ధకస్తులు కారని తెలుస్తుంది.

చికిత్సలు కూడా ఉన్నాయి. ఐబీఎస్‌కు అమిట్రిప్టిలిన్ అనే పాత డిప్రెషన్ మందును చాలా తక్కువ మోతాదులో ఇస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే మేలు జరిగిందని 463 మంది మీద ఇంగ్లండ్‌లో జరిగిన పరీక్ష 2023లో తేల్చింది. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ 1984 నాటికే పేగు మీద దృష్టి పెట్టించే హిప్నోథెరపీతో ఐబీఎస్ రోగులకు ఊరట చూపించాడు. ఐబీడీలో కౌన్సెలింగ్ బతుకును తేలిక చేస్తుంది, పేగు పూతను మాన్పుతుందని రుజువేమీ లేదు. మందులు మానేసి ధ్యానం చేసుకోమని ఎవరైనా చెబితే వినకండి. నేను నా మాత్రలు ఒక్క పూట కూడా ఆపలేదు, ఆపను.

నా సైకాలజిస్టు నాకు మొదట ఇచ్చిన పని ఏమిటో తెలుసా? మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మొదటి మూడు ముద్దలు నమిలి తినమంది. మూడే. మొదటి వారం రెండో ముద్దకే గుండె దడదడలాడేది, క్యాంటీన్ తలుపు వైపు చూసేదాన్ని. ఇప్పుడు సగం కంచం దాకా వచ్చాను. నా రక్తం పడడం దీనివల్ల తగ్గలేదు, అది మందుల పని. కానీ ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టే ముందు ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా ఏ స్టేషన్లో బాత్రూము ఏ వైపు ఉందో మనసులో లెక్కపెట్టుకునే అలవాటు కొంచెం వదిలింది. మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చింది 2019లో. దానికి ముందు బస్సులో ట్రాఫిక్కులో ఇరుక్కుని నేను పడిన అవస్థ రాయాలంటే ఇంకో వ్యాసమవుతుంది.

పోయిన నెల సంగతి చెబుతానన్నాను. పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కు వెళ్ళారని ముందుగా జూనియర్ డాక్టర్ చూసింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఫైలు తిరగేసి, ఎప్పటి ప్రశ్నలు అడిగి, అమ్మ జవాబులు రాసుకుని, పెన్ను మూత పెట్టింది. "అమ్మా, మీరు ఒక్క అయిదు నిమిషాలు బయట కూర్చుంటారా? ఈ వయసు వాళ్ళందరితో నేను కాసేపు విడిగా మాట్లాడతాను" అంది. అమ్మ నా వైపు చూసి, బ్యాగు తీసుకుని, లేచి వెళ్ళింది. తలుపు మూసుకున్నాక ఆ అమ్మాయి నన్ను నిద్ర గురించి అడిగింది, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగింది, చిన్నప్పుడు ఇంట్లో భయపడుతూ ఉండాల్సి వచ్చేదా అని అడిగింది. చాలాసేపు నాకు గొంతు రాలేదు. "అన్నం తినేటప్పుడు భయం వేసేది" అన్నాను. ఆమె వెంటనే రాసుకోలేదు. "దానివల్ల మీకు ఈ జబ్బు వచ్చిందని నేననడం లేదు. కానీ నాకు తెలియడం మంచిది. చెప్పినందుకు థాంక్స్" అంది. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నానంటే, ఆ పేరూ ఫోన్ నంబరూ అడిగి ఫైల్లో రాసుకుంది. పన్నెండేళ్ళ ఫైల్లో నా మనసు గురించిన మొదటి లైను అది.

తిరిగొచ్చేటప్పుడు బేగంపేటలో మెట్రో ఎక్కాం. అమ్మకు సీటు దొరికింది, నేను ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ప్యారడైజ్ దాటాక అడిగింది, "లోపల ఏం అడిగిందా అమ్మాయి?"

"చిన్నప్పటివి అడిగిందమ్మా."

అమ్మ ఇంకేమీ అడగలేదు. ఒళ్ళో ఉన్న ఫైలు అంచులు సవరించుకుంటూ కూర్చుంది. మెట్టుగూడ వచ్చింది, తార్నాక వచ్చింది. పక్క సీటు ఖాళీ అయితే నన్ను కూర్చోమని చెయ్యి వేసి చూపించింది. కూర్చున్నాను.

"నేను లోపల ఉంటే చెప్పేదానివి కాదు కదా" అంది.

"కాదమ్మా."

తలూపింది. హబ్సిగూడ దాటాక, "ఈసారి నుంచి నేనే బయట కూర్చుంటాలే" అంది.